మీకెంత పెంచారండీ?

పక్కింటి కూర వాసన తెలుస్తుంది. పక్కింటి పిల్లాడి మార్కులు తెలుస్తాయి. పక్కింటి అద్దె మాత్రం తెలీదు. నూటపదేళ్ల కిందట ఓ ఊళ్లో ఆడవాళ్లు ఆ ఒక్కటీ అడిగి తెలుసుకున్నారు. ప్రభుత్వమే దిగొచ్చింది!

'ఎంతమంది ఉంటారు?'

టు-లెట్ బోర్డు చూసి గేటు తీసినవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న అది. తర్వాత వరసగా మిగతావి... 'ఏం చేస్తుంటారు?' 'వెజ్జా, నాన్‌వెజ్జా?' 'చుట్టాలు ఎక్కువగా వస్తుంటారా?' 'గోడలకు మేకులు కొట్టరు కదా?' పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు. అన్నిటికీ వినయంగా జవాబులు చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టి, పాలు పొంగించుకుని, పిల్లల స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కుని, మంచినీళ్లు ఏ టైముకొస్తాయో అలవాటు చేసుకుని... హమ్మయ్య, కుదురుకున్నాం అనుకునేసరికి పదకొండు నెలలు అయిపోతాయి. ఓ ఆదివారం పొద్దున మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఏ కాలనీ అయినా అనుకోండి. మూడంతస్తుల ఇల్లు. అంతస్తుకు రెండు పోర్షన్లు. కింద ఓనర్లు ఉంటారు. పైకొచ్చిన ఓనరుగారు కాఫీ వద్దంటారు. కుర్చీలో కూడా కూర్చోరు.

'వచ్చే నెల నుంచి రెండు వేలు పెంచుతున్నామండీ. మిగతావాళ్లంతా సరేనన్నారు. మీరొక్కళ్లే మిగిలారు.'

ఆయన వెళ్లాక ఇంటాయన ఫోన్లో లెక్కలు మొదలుపెడతాడు. స్కూలు ఫీజు, బండి ఈఎంఐ, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది...

'పక్క పోర్షనావిడకు ఎంత చెప్పారో అడక్కపోయావా?'

'బాగోదండీ. ఏమనుకుంటారో! పైగా మనం వాకబు చేశామని ఓనరుగారి చెవిన పడితే?'

గోడకు అటువైపు కూడా సరిగ్గా ఇదే సంభాషణ నడుస్తూ ఉంటుంది. ఆ గోడలోంచి కుక్కరు ఎన్ని కూతలు వేసిందో వినబడుతుంది. సీరియల్ డైలాగులు వినబడతాయి. ఈ ఒక్క మాటే దాటదు.

'మిగతావాళ్లంతా సరేనన్నారు' అన్న మాట నిన్నామొన్నటిది కాదు. 1915లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో అద్దెలు వసూలు చేసే ఓ ఏజెంటు ఓ ఇల్లాలితో అదే అన్నాడట. ఆవిడ నమ్మింది. పెంచిన అద్దె కట్టేసింది. ఆ తర్వాత పక్కవాళ్లను అడిగింది!

గంట మోగితే పిండి పట్టుకుని...

గ్లాస్గో అంటే క్లైడ్ నది. క్లైడ్ నది అంటే ఓడలు. ఒడ్డు పొడవునా ఓడలు కట్టే కార్ఖానాలే. వాటి పక్కన గోవన్ అనే పేట. 1912 దాకా అది వేరే ఊరు, ఆ ఏడాదే గ్లాస్గోలో కలిసింది. ఫెయిర్‌ఫీల్డ్ షిప్‌యార్డు అక్కడే ఉండేది. దాన్లో పనిచేసేవాళ్లంతా చుట్టుపక్కల వీధుల్లో అద్దెకుండేవారు.

ఆ ఇళ్లను టెనెమెంట్లు అనేవారు. మూడు నాలుగంతస్తుల రాతి భవనాలు. వీధిలోంచి లోపలికి సన్నటి నడవా ఉంటుంది. స్థానికులు దాన్ని 'క్లోజ్' అంటారు. అక్కడి నుంచి మెట్లు, మెట్ల పక్కన తలుపులు. ఒక్క గదే ఇల్లయితే 'సింగిల్ ఎండ్'. గోడలో గూడులా తొలిచిన చోట మంచం, ఎదురుగా పొయ్యి, కిటికీ దగ్గర సింకు. రెండు గదులుంటే కాస్త కలిగిన కుటుంబం కింద లెక్క. మరుగుదొడ్డి మెట్ల మలుపులో... అదీ రెండు మూడు కుటుంబాలకు కలిపి. వెనక పెరట్లో బట్టలుతికే గది ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో రోజు. వంతు ప్రకారం దాని తాళంచెవి ఇల్లిల్లూ తిరుగుతుండేది. ఆ తాళంచెవి దగ్గర రోజూ చిన్నచిన్న గొడవలు. మున్సిపల్ కుళాయి దగ్గర బిందెలతో నిలబడిన అనుభవం ఉన్నవాళ్లకు ఆ గొడవల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ గొడవల్లోనే ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి జీతం ఎంతో కూడా తెలిసిపోయేది.

ఇళ్ల యజమానులు సాధారణంగా ఎదుటపడేవారు కాదు. అద్దెలకు ఏజెంట్లు ఉండేవారు. వాళ్లను 'ఫ్యాక్టర్లు' అనేవారు. ఇల్లు ఇవ్వాలన్నా, ఖాళీ చేయించాలన్నా వాళ్ల చేతిలోనే. ఒకప్పుడు స్కాట్లాండ్‌లో ఇళ్లు ఏడాది లెక్కన అద్దెకిచ్చేవారు. మే 28న ఊరంతా ఒకేసారి సామాన్లు సర్దుకుని ఇళ్లు మారేది. 1911లో వచ్చిన చట్టం చిన్న ఇళ్లకు ఆ పద్ధతిని సడలించింది. నెల లెక్కన ఉండొచ్చు, ఏడాదికి ముందే కట్టుబడక్కర్లేదు అని అద్దెదారులకు మొదట బాగానే అనిపించింది. ఏజెంటు కూడా అంతే తొందరగా బయటికి పంపగలడన్న సంగతి తర్వాత తెలిసొచ్చింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. కుర్రాళ్లు సైన్యంలో చేరారు. షిప్‌యార్డులకూ ఆయుధాల కార్ఖానాలకూ చేతినిండా పని. ఎక్కడెక్కడి నుంచో వేలమంది పనివాళ్లు వచ్చిపడ్డారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లు లేరు. ఐటీ కంపెనీ వస్తోందంటే చుట్టుపక్కల పోర్షన్ల అద్దెలు ఏమవుతాయో తెలిసిందే కదా... అక్కడా అదే అయింది. 1915 మొదట్లో అద్దెలు పెంచుతున్నామని కబురు పెట్టారు. కొన్నిచోట్ల పాతిక శాతం దాకా! కట్టలేకపోతే ఖాళీ చేయండన్నారు. మగవాళ్లు ఫ్రాన్స్‌లో కందకాల్లో ఉన్నారు. లేదంటే షిప్‌యార్డులో రాత్రింబవళ్లు పనిచేస్తున్నారు. ఏజెంటు తలుపు తట్టినప్పుడు తీసేది ఆడవాళ్లే.

అలా తలుపు తీసినవాళ్లలో మేరీ బార్బర్ ఒకరు. ఆమె 1875లో కిల్‌బర్కన్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి తివాచీలు నేసేవాడు. ఆమె కూడా చిన్నప్పుడే మిల్లు పనిలోకి వెళ్లింది. ఇంజినీరింగ్ కార్మికుణ్ని పెళ్లాడి గోవన్ చేరింది. తొలిచూలు బిడ్డ మెదడువాపుతో పసితనంలోనే పోయాడు. తర్వాత ఇద్దరు కొడుకులు. సహకార సంఘం వాళ్ల మహిళా మండలిలో చురుగ్గా ఉండేది. అంతకుమించి ఆమెకు హోదా ఏమీ లేదు. ఆ మాటకొస్తే అప్పటికి బ్రిటన్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటే లేదు.

1914లోనే గ్లాస్గోలో మహిళల గృహ సంఘం ఒకటి మొదలైంది. మేరీ లెయర్డ్, హెలెన్ క్రాఫర్డ్, ఆగ్నెస్ డోలన్, జీన్ ఫెర్గూసన్... వీళ్లు ముందు నిలిచారు. మీటింగు పెట్టాలంటే హాలు కావాలి. అద్దె కట్టలేమని పోరాడేవాళ్లు అద్దె హాలు ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకని వంటింట్లోనే పెట్టుకున్నారు. వంటిల్లు చాలకపోతే మెట్ల మీద. అదీ చాలకపోతే వెనక పెరట్లో, బట్టలారేసే తాళ్ల కింద.

ఆ మీటింగుల్లో తేలింది ఒక్కటే. పాత అద్దె ఇస్తాం. పెంచింది ఇవ్వం. ఇల్లు ఖాళీ చేయం.

ఆ మాటే అచ్చువేయించి కిటికీ అద్దాలకు అతికించారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కిటికీ కిటికీలో అదే కాగితం. ఇందులో పెద్ద కిటుకుంది. తెల్లారి లేచి కిటికీలోంచి చూస్తే ఎదురింట్లోనూ కాగితం కనిపిస్తుంది. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో ఏజెంటు నోటి నుంచి వినాల్సిన అవసరం లేకుండా పోయింది.

అద్దె కట్టకపోతే ఏజెంటు కోర్టుకెళ్తాడు. కోర్టు అమీనా వస్తాడు, సామాన్లు బయట పడేస్తాడు. దానికో ఉపాయం ఆలోచించారు. వంతులవారీగా ఒకరు క్లోజ్ దగ్గర చేతిగంట పట్టుకుని కూర్చునేవారు. అమీనా వీధి మలుపు తిరిగాడో లేదో గంట మోగేది. అంతే! రొట్టె పిండి కలుపుతున్నావిడ ఆ పిండి చేతులతోనే, బట్టలు పిండుతున్నావిడ ఆ తడిబట్టతోనే, పసిపిల్ల ఉన్నావిడ పిల్లను చంకనేసుకుని... అందరూ వచ్చి ఆ సన్నటి నడవానీ మెట్లనూ కిక్కిరిసేలా నిండిపోయేవారు. దూరడానికి సందుంటే కదా లోపలికెళ్లడం? పైనుంచి గోధుమపిండి, బఠాణీపిండి, సున్నపుపొడి పొట్లాలు కురిసేవి. తెల్లటి వేషంతో అమీనాలు వెనక్కి పరుగెత్తడం, పిల్లలు చప్పట్లు కొడుతూ వెంటపడటం... వీధికి అదో తమాషా. ఈ ఆడవాళ్లకు 'మిసెస్ బార్బర్ సైన్యం' అని పేరు పడింది.

తమాషా వెనక భయం లేదనుకుంటే పొరపాటే. ఓడిపోతే చలికాలంలో పిల్లాపాపలతో వీధిలో పడాలి. షెటిల్‌స్టన్ అనే పేటలో ఓ కుటుంబం ఉండేది. ఇంటాయన యుద్ధంలో గాయపడ్డాడు, కొడుకులు కూడా సైన్యంలోనే. అద్దె బాకీ ఒక్క పౌండు కూడా లేదు. అయినా ఖాళీ చేయించబోయారు. ఆ కబురు తెలిసి జనం ఇంటి చుట్టూ చేరిపోయారు. ఏజెంటు దిష్టిబొమ్మ తగలబెట్టారు. అద్దె గొడవ అనగానే మొహం తిప్పుకునే పెద్దమనుషులు కూడా ఆ రోజుతో ఇబ్బందిలో పడ్డారు. దేశం కోసం కొడుకుల్ని పంపిన ఇంటిని వీధికీడ్చడం ఏ దేశభక్తి?

మొదట్లో చెప్పిన ఇల్లాలి సంగతి కూడా ఈ రోజుల్లోదే. మిగతావాళ్లు కట్టేశారని చెప్పి ఏజెంటు డబ్బు తీసుకున్నాడని తెలియగానే మేరీ బార్బర్ షిప్‌యార్డుకెళ్లింది. మగవాళ్లను పిలుచుకొచ్చింది. మసి మొహాలతో, నూనె మరకల బట్టలతో వేలమంది ఏజెంటు ఆఫీసు ముందు వీధి నిండా నిలబడ్డారు. మేరీ లోపలికెళ్లి డబ్బు వెనక్కి ఇమ్మంది. కిటికీలోంచి బయటికి చూడమంది. ఆయన చూశాడు. మారుమాట్లాడకుండా ఇచ్చేశాడట. ఉద్యమంలో ఆమెతో కలిసి నడిచిన హెలెన్ క్రాఫర్డ్ తన జ్ఞాపకాల్లో ఈ ముచ్చట రాసుకుంది.

కోర్టు ముందు ఆ రోజు

శరదృతువు వచ్చేసరికి సమ్మె గోవన్ దాటి పార్టిక్‌కూ, మిగతా పేటలకూ పాకింది. దాదాపు 20 వేలమంది అద్దెదారులు అందులో చేరారని అంచనా. అక్టోబరులో ప్రభుత్వం ఓ విచారణ సంఘాన్ని వేసింది. దానికి పెద్ద లార్డ్ హంటర్ అనే స్కాట్లాండ్ న్యాయమూర్తి. ఎక్కడో విన్న పేరులా ఉందా? జలియన్‌వాలాబాగ్ కాల్పుల మీద 1919లో వేసిన హంటర్ కమిటీ ఉంది చూడండి, ఆ హంటర్ ఈయనే.

విచారణ ఒకపక్క సాగుతుండగా ఓ ఏజెంటు తొందరపడ్డాడు. పెంచిన అద్దె ఎగ్గొట్టారంటూ 18 మంది మీద కోర్టుకెక్కాడు. వాళ్లంతా యుద్ధసామగ్రి తయారుచేసే కార్మికులు. 1915 నవంబరు 17న కేసు విచారణ. ఆ పొద్దున షిప్‌యార్డుల్లో, కార్ఖానాల్లో పనిముట్లు కిందపడ్డాయి. నది రెండు ఒడ్డుల నుంచీ వేలమంది నడుచుకుంటూ బయల్దేరారు. ముందు ఆడవాళ్లు, పక్కన పిల్లలు. మా నాన్న అక్కడ జర్మన్లతో పోరాడుతుంటే మేమిక్కడ ఇంటి ఏజెంటుతో పోరాడుతున్నాం అనే అర్థం వచ్చే అట్టముక్కలు చిన్నపిల్లల చేతుల్లో! కోర్టు చుట్టూ వీధులు నిండిపోయాయి. జాన్ మెక్లీన్ అనే స్కూలు మాస్టారు ఓ పోస్టరు చెక్క మీదెక్కి నిలబడి మాట్లాడితే, ఆ చెక్కను జనం భుజాల మీద మోశారని చెబుతారు.

లోపల న్యాయాధికారి లీ పరిస్థితి ఊహించుకోండి. చట్టం ప్రకారం ఏజెంటుదే న్యాయం. బయటేమో యుద్ధనౌకలు కట్టే చేతులు పనిమానేసి నిలబడ్డాయి. ఆయన కార్మికుల ప్రతినిధుల మాట విన్నాడు. ఆయుధ ఉత్పత్తి మంత్రి లాయిడ్ జార్జ్‌కు లండన్‌కు ఫోన్ వెళ్లిందనీ, త్వరలో చట్టం తెస్తామని అటు నుంచి మాట వచ్చిందనీ చెప్పుకుంటారు. ఏదైతేనేం, కేసులు వెనక్కి తీసుకున్నారు. ఆ నెల తిరక్కుండానే పార్లమెంటులో బిల్లు పెట్టారు. డిసెంబరులో చట్టమైంది.

ఆ చట్టం సారాంశం చెప్పడం తేలిక. చిన్న ఇళ్లకు 1914 ఆగస్టు 3న, అంటే బ్రిటన్ యుద్ధంలోకి దిగడానికి ముందురోజు, ఎంత అద్దె ఉందో అంతే తీసుకోవాలి. దానితో పాటు ఇళ్ల మీద అప్పులిచ్చినవాళ్లు ఓనర్ల దగ్గర వడ్డీ పెంచకూడదని కూడా రాశారు. ఎందుకంటే గ్లాస్గో ఇళ్ల యజమానులందరూ లక్షాధికారులేం కాదు. కొట్టు నడుపుకునేవాళ్లూ, భర్త పోయాక ఒకటి రెండు ఇళ్ల అద్దె మీద బతికే ఆడవాళ్లూ చాలామంది ఉండేవారు. వాళ్లకూ అప్పులుండేవి. అద్దె ఒక్కటే కట్టడి చేసి వడ్డీని వదిలేస్తే వాళ్లు మునిగిపోయేవారు. ఈ రెండో ముక్కను అద్దె చట్టాల గురించి చెప్పేవాళ్లు తరచూ మరిచిపోతుంటారు. యుద్ధం అయ్యాక ఆర్నెల్ల దాకా అని తెచ్చిన ఆ ఏర్పాటు ఏదో ఒక రూపంలో 1989 దాకా సాగింది.

మేరీ బార్బర్ 1920లో ఫెయిర్‌ఫీల్డ్ వార్డు నుంచి గ్లాస్గో కౌన్సిలర్‌గా గెలిచింది. అప్పటికి వయసు నలభై అయిదు. పసిపిల్లలకు పాలు, ఇళ్లలో స్నానాల గదులు, తల్లులకు ఆసుపత్రి... ఇవే ఆవిడ ఎజెండా. ఆ ఉద్యమానికి అండగా నిలిచిన జాన్ వీట్లీ 1924లో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యాడు. అతను తెచ్చిన చట్టం కింద పురపాలక సంఘాలు అద్దెకివ్వడానికి 5 లక్షలకు పైగా ఇళ్లు కట్టాయి. మేరీ 1958లో కన్నుమూసింది. 2018లో, మహిళా దినోత్సవం రోజున గోవన్ కూడలిలో ఆమె కంచు విగ్రహం పెట్టారు. విగ్రహంలో ఆమె ఒక్కతే లేదు. వెనక జనం కూడా నడుస్తుంటారు.

ఓడెక్కి వచ్చిన చట్టం

బ్రిటన్ చట్టం పేరులో 'యుద్ధకాల ఆంక్షలు' అన్న మాట ఉంటుంది. 1918లో బొంబాయిలో అద్దెల చట్టం వచ్చింది. దాని పేరులోనూ అదే మాట. చుట్టరికం పేరులోనే తెలుస్తోంది. 1920లో కలకత్తాకు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1946లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. అప్పటి మద్రాసులో భాగమైన కోస్తా, రాయలసీమ పట్టణాలకు అది వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం 1954లో విడిగా తెచ్చుకుంది. తెలుగు నేలంతా ఒకే రాష్ట్రమయ్యాక రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం వచ్చింది.

దాన్ని చదివితే ఆశ్చర్యమేస్తుంది. అద్దె ఎక్కువనిపిస్తే రెంట్ కంట్రోలర్ దగ్గరకెళ్లి న్యాయమైన అద్దె తేల్చమనొచ్చు. కట్టిన అద్దెకు రసీదు అడగొచ్చు. ఓనరు తీసుకోనంటే డిపాజిట్ చేసే దారి ఉంది. నీళ్లూ కరెంటూ ఆపడానికి వీల్లేదు. చట్టంలో రాసిన కారణాలు ఉంటే తప్ప ఖాళీ చేయించకూడదు.

ఇన్ని ఉంటే ఓనరుగారు మెట్లెక్కి వచ్చి రెండు వేలు ఎలా పెంచగలిగారు?

2005లో వచ్చిన సవరణలో ఉంది జవాబు. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను ఆ చట్టం పరిధి నుంచి తప్పించారు. ఇప్పుడు హైదరాబాద్‌లో 3,500కు పోర్షను సంగతి దేవుడెరుగు, పీజీ హాస్టల్లో మంచం దొరకడమే గగనం! అంటే చట్టం పుస్తకంలో ఉంది, ఇల్లు మాత్రం దాని పరిధిలో లేదు. ఇక మిగిలింది ఇద్దరూ సంతకాలు పెట్టుకున్న అగ్రిమెంటు. అదీ పదకొండు నెలలకే. ఏడాది దాటితే తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి, ఒక నెల తగ్గించి రాసుకోవడం దేశమంతా అలవాటైపోయింది.

ఓనర్ల వైపు మాట కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగా దాచిందంతా పెట్టి పైన రెండు పోర్షన్లు వేసుకున్న రిటైర్డు మాస్టారికి ఆ అద్దే పెన్షను. అద్దె కట్టక, ఇల్లు వదలక కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిప్పినవాళ్ల కథలు ప్రతి కాలనీలో ఒకటి వినిపిస్తుంది. కట్టడి మరీ బిగిస్తే ఏమవుతుందో ముంబయిలో చూడొచ్చు. అక్కడ 1947 చట్టం ఎన్నో ఇళ్ల అద్దెను 1940 నాటి లెక్క దగ్గరే ఆపేసింది. ఆ అద్దెతో రిపేర్లు చేయించేవాళ్లు లేక భవనాలు శిథిలమయ్యాయి. 'పగ్డీ' పేరుతో చీకటి డబ్బు చేతులు మారింది. చివరకు 1990ల్లో సుప్రీంకోర్టే ఆ పద్ధతిని తప్పుపట్టింది. అలాగని పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో హైదరాబాద్, బెంగళూరుల్లో చూడొచ్చు. రెండింటికీ మధ్య ఓ మెట్టు దొరక్కపోదు. వెతకాలన్న ఒత్తిడే ఎవరి మీదా లేదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఓ నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండాలి. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. లోపలికి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి. బాగానే ఉంది. కానీ అది నమూనా మాత్రమే. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. పైగా అద్దె ఎంత ఉండాలన్న విషయాన్ని అది ఇద్దరి ఒప్పందానికే వదిలేసింది. ఆ 'ఇద్దరి'లో ఒకరు ఇంటి తాళంచెవి ఉన్నవాళ్లు, ఇంకొకరు స్కూళ్లు తెరిచేలోగా ఇల్లు దొరకాల్సినవాళ్లు.

గ్లాస్గో మాత్రం పాత అలవాటు మానలేదు. అక్కడి అద్దెదారులకు ఇప్పుడు 'లివింగ్ రెంట్' అనే యూనియన్ ఉంది. 2017 డిసెంబరు నుంచి స్కాట్లాండ్‌లో కారణం చూపకుండా ఖాళీ చేయించడం కుదరదు. అడ్వాన్సు రెండు నెలలకు మించదు. అది కూడా ఓనరు దగ్గర ఉండదు, మూడో మనిషి లాంటి ఓ గుర్తింపు పొందిన సంస్థ దగ్గర భద్రంగా ఉంటుంది. ధరలు మండిపోయిన 2022లో నడుస్తున్న అద్దెలు పెంచకుండా అక్కడి ప్రభుత్వం కొన్ని నెలలు ఆపేసింది. 2025లో, అద్దె పెంపుకు హద్దు పెట్టే ప్రాంతాలను గుర్తించడానికి మరో చట్టాన్ని ఆమోదించింది. మాస్టర్స్ చదవడానికి గ్లాస్గో వెళ్లి మామూలు ఇళ్లు అద్దెకు తీసుకునే తెలుగు పిల్లలు ఈ సంగతులన్నీ తెలుసుకుని వెళ్లడం మంచిది. ఇక్కడ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరు చెప్పి నెల అద్దె కోసుకుంటుంటే నోరెత్తని అలవాటు అక్కడికి మోసుకెళ్లక్కర్లేదు.

మన అపార్ట్‌మెంట్లలో సంఘాలు లేవా అంటే, ఉన్నాయి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం సంఘం గురించి చెబుతుంది... ఫ్లాటు యజమానుల సంఘం గురించి. మెయింటెనెన్స్ నెలనెలా కట్టేది అద్దెకున్నవాళ్లయినా, మీటింగులో చెయ్యెత్తేది ఎక్కడో అమెరికాలో ఉన్న ఓనరు తరఫు బంధువు. వాట్సప్ గ్రూపులో కూడా 'ఓనర్స్ ఓన్లీ' అని ఒకటి విడిగా ఉంటుంది. అద్దెదారులకు అలాంటి గ్రూపు ఉండటం అరుదు. లిఫ్టులో ఎదురైతే నవ్వుకుంటారు. వినాయక చవితికి చందాలిస్తారు. రెండేళ్లు తిరిగేలోగా సగం మంది వేరే కాలనీకి వెళ్లిపోతారు.

మళ్లీ ఆ మూడంతస్తుల ఇంటికొద్దాం. ఆదివారం సాయంత్రమైంది. పెరుగు తోడు కోసమంటూ చిన్న గిన్నె పట్టుకుని ఆవిడ పక్క పోర్షను తలుపు కొట్టింది. ఇంట్లో తోడు లేకపోలేదు, ఫ్రిజ్‌లో ఉంది. ఆ ఇంటావిడ గిన్నె అందుకుని లోపలికెళ్లి, చెంచాడు పెరుగు వేసి తెచ్చిచ్చింది. పిల్లల పరీక్షల గురించి రెండు మాటలు. ఎండల గురించి ఇంకో రెండు. వెళ్లొస్తానంటూ వెనక్కి తిరిగింది కూడా.

'అవునూ... మీకెంత పెంచారండీ?'

పక్క పోర్షనావిడ ఒకసారి మెట్ల వైపు చూసింది. కింద ఎవరూ లేరు.

'మేమింకా ఏమీ చెప్పలేదండీ. మీరంతా సరేనన్నారని చెప్పారే!'

తలుపు పూర్తిగా తెరిచి, లోపలికి రమ్మంది.